చమురు దొరికింది, నౌకలు చాలలేదు: జపాన్ ఓటమిపై ఒక షిప్పింగ్ కేస్ స్టడీ

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేసిన సంగతి మన తీరంలో చాలామందికి తెలుసు. అదే వారం సముద్రంలో ఏం జరిగిందో తెలిసినవాళ్లు తక్కువ. వైస్ అడ్మిరల్ ఒజావా దళం బంగాళాఖాతంలో తిరుగుతూ, కొద్ది రోజుల్లోనే ఇరవైకి పైగా వాణిజ్య నౌకలను ముంచేసింది. మొత్తం లక్ష టన్నులకు మించి. మన తూర్పు తీరం వెంబడి సరుకు రవాణా స్తంభించింది. మద్రాసు సగం ఖాళీ అయింది. ఎదుటివాడిని ఎక్కడ కొడితే నిలబడలేడో జపాన్ నేవీకి ఆ వారంలో కళ్లెదుటే కనిపించింది. అయినా అంత పెద్ద ఎత్తున ఆ పని మళ్లీ చేయలేదు. రెండు నెలల తర్వాత పసిఫిక్‌లోని మిడ్వే దీవి దగ్గర అమెరికన్ నౌకాదళంతో తలపడి నాలుగు విమానవాహక నౌకలు పోగొట్టుకుంది. ఆ తర్వాత మూడేళ్లలో, బంగాళాఖాతంలో తను చేసిన పనే తన మీద ఎన్నో రెట్లు జరిగింది.

నేను షిప్పింగ్ ఆపరేషన్స్‌లో పనిచేస్తాను. ఏ షిప్పు ఎక్కడుంది, ఏ సరుకు ఎక్కిస్తోంది, తిరుగు ప్రయాణం ఖాళీగా వస్తుందా, పోర్టులో ఎన్ని రోజులు పడిగాపులు కాస్తుంది అన్నవి చూడటమే పొద్దున లేచింది మొదలు మా పని. కొత్తగా చేరిన పిల్లలకు టన్నేజ్ ప్లానింగ్, అంటే ఉన్న నౌకల సామర్థ్యాన్ని టన్నుల్లో లెక్కగట్టి ఏ పనికి ఎంతో పంచడం, చెప్పేటప్పుడు ఈ కేసే తీసుకుంటాను. ఒక పెద్ద దేశం సరుకు రవాణా లెక్క తప్పితే ఏమవుతుందో ఇంత స్పష్టంగా చూపించే ఉదాహరణ నాకు ఇంకొకటి కనపడలేదు.

అమెరికా పెద్దది కాబట్టి గెలిచింది, జపాన్ చిన్నది కాబట్టి ఓడింది అని చాలామంది అంటారు. అది నిజమే. అమెరికా ఉక్కు ఉత్పత్తి జపాన్‌కు పది రెట్లు. కానీ ఆ జవాబుతో నాకు తృప్తి లేదు. 1945 మొదట్లో కూడా సుమత్రాలోని పాలెంబాంగ్ చమురు క్షేత్రాలు జపాన్ చేతిలోనే ఉన్నాయి. అయినా జపాన్‌లో విమానాలకు పెట్రోల్ లేక పైన్ చెట్ల వేర్లు తవ్వి నూనె తీశారు. చేతిలో ఉన్న చమురు ఇంటికి ఎందుకు చేరలేదు? నా జవాబు ఇది. ఎదుటి పక్షంలో వేర్వేరు దేశాలు తమ నౌకలను ఒకే లెక్కలో కలుపుకున్నాయి. జపాన్‌లో ఒకే దేశానికి చెందిన ఆర్మీ, నేవీ తమ నౌకలను కలుపుకోలేకపోయాయి.

యుద్ధానికి ముందు వేసిన లెక్క

1941 జులైలో జపాన్ సేనలు దక్షిణ ఇండోచైనాలోకి దిగాయి. ఆగస్టు 1న అమెరికా చమురు ఆపేసింది. బ్రిటిష్, డచ్ ప్రభుత్వాలు కూడా అదే దారి పట్టాయి. జపాన్ వాడే చమురులో సుమారు 80 శాతం అమెరికా నుంచే వచ్చేది. నిల్వలు మహా అయితే రెండేళ్లు వస్తాయి. ఆంక్షలు పోవాలంటే చైనా నుంచి వెనక్కి రావాలి, అందుకు ఆర్మీ ఒప్పుకోదు. ఇక మిగిలింది డచ్ ఈస్ట్ ఇండీస్‌ను (ఇప్పటి ఇండోనేషియా) పట్టుకుని అక్కడి చమురు తెచ్చుకోవడం.

అందరూ మాట్లాడింది చమురు బావులను పట్టుకోవడం గురించే. తేవడం గురించి లోతుగా ఆలోచించినవాళ్లు లేకపోలేదు. ఆ వేసవిలో ప్రభుత్వం కింద నడిచే సమగ్ర యుద్ధ పరిశోధనా సంస్థలో వివిధ శాఖల నుంచి, బ్యాంకుల నుంచి, ఒక షిప్పింగ్ కంపెనీ నుంచి వచ్చిన ముప్పై మందికి పైగా యువకులు ఒక నమూనా మంత్రివర్గంగా ఏర్పడి, యుద్ధం వస్తే ఏం జరుగుతుందో అంకెలతో కట్టి చూశారు. మునిగే నౌకలు కొత్తగా కట్టేవాటికంటే చాలా ఎక్కువ ఉంటాయి, యుద్ధం సాగితే ఓడిపోతాం అని తేల్చారు. ఆగస్టు చివర్లో ఆ ఫలితాన్ని మంత్రులకు వినిపించారు. అప్పటి యుద్ధమంత్రి టోజో కూడా విన్నాడు. యుద్ధం కాగితం మీది లెక్కల ప్రకారం నడవదు అన్న ధోరణిలో దాన్ని పక్కన పెట్టాడు. రెండు నెలలు తిరక్కుండానే ఆయనే ప్రధాని అయ్యాడు.

నవంబర్ 5న చక్రవర్తి ఎదుట జరిగిన సమావేశంలో ప్లానింగ్ బోర్డు అధ్యక్షుడు సుజుకి టెయిచి అధికారిక లెక్క చెప్పాడు. ప్రజల అవసరాలకు, ఫ్యాక్టరీలకు ఎప్పుడూ 30 లక్షల టన్నుల నౌకలు మిగలాలి. ఏడాదికి 8 నుంచి 10 లక్షల టన్నులు మునుగుతాయి. ఏడాదికి 6 లక్షల టన్నులు కొత్తవి కట్టుకుంటే నెట్టుకురావచ్చు. ఈ మూడు అంకెలను వాటి పక్కన అసలు పరిస్థితి పెట్టి చూడాలి. అప్పటికి జపాన్ దగ్గర ఉన్నవి సుమారు 60 లక్షల టన్నులు. అందులో ఆర్మీ 21 లక్షల దాకా తీసుకుంది. నేవీ ఇంకో 17, 18 లక్షలు. మిగిలినవి 24 లక్షలు. అంటే 30 లక్షలు ఉండాలన్న కనీస షరతు మొదటి రోజే నెరవేరలేదు. దక్షిణాన పని అవగానే కొన్ని నెలల్లో ఆర్మీ తన నౌకలు తిరిగి ఇచ్చేస్తుందన్న మాట మీద మొత్తం ప్లాన్ నిలబడింది.

మా వృత్తిలో ఇలాంటి ప్లాన్ ఎవరైనా తెస్తే మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఆ షిప్పులు తిరిగి ఇవ్వకపోతే ఏం చేస్తారు? ఆ గదిలో ఆ ప్రశ్నకు జవాబు లేదు.

ఒకే దేశంలో మూడు లెక్కలు

ఆర్మీ నౌకలను ఎ అనీ, నేవీ నౌకలను బి అనీ, మిగిలిన పౌర నౌకలను సి అనీ పిలిచేవారు. మూడింటికీ వేర్వేరు యాజమాన్యం, వేర్వేరు షెడ్యూళ్లు. ఆర్మీ షిప్పు సైనికులను, బియ్యాన్ని, గుండ్లను దించి సింగపూర్ వైపు నుంచి ఖాళీగా ఇంటికి వస్తుంటే, అదే దారిలో బాక్సైటు కోసం, ఇనుప ఖనిజం కోసం పౌర షిప్పు ఖాళీగా ఎదురు వెళ్లేది. ఒక షిప్పుతో అయ్యే పనికి రెండు షిప్పులు, రెట్టింపు ఇంధనం, టార్పెడోకు ఎదురయ్యే ప్రమాదం రెట్టింపు. ఖాళీ ట్రిప్పు ఎంత ఖరీదో తెలిసిన ఎవరికైనా ఇది చదువుతుంటే కడుపు తరుక్కుపోతుంది. శత్రువు చేయి చేసుకోకముందే టన్నేజ్‌లో మంచి భాగం ఇలా కరిగిపోయింది.

నౌకలు తిరిగి ఇవ్వడం మొదట కొంత జరిగింది. అంతలో 1942 ఆగస్టులో అమెరికన్లు దక్షిణ పసిఫిక్‌లో జపాన్ పట్టుకున్న గ్వాడల్‌కెనాల్ ద్వీపంలో దిగారు. ఆర్మీ ఇచ్చింది ఇచ్చినట్టే వెనక్కి అడగడం మొదలుపెట్టింది. నవంబర్ మధ్యలో 11 రవాణా నౌకలతో ఒక కాన్వాయ్ (కాపలాతో కలిసి వెళ్లే నౌకల గుంపు) పంపితే దారిలో ఏడు మునిగాయి, మిగతా నాలుగు ఒడ్డుకెక్కి అక్కడే తగలబడ్డాయి. అవి మామూలు నౌకలు కావు. వేగంగా వెళ్లగలిగే మంచి కార్గో షిప్పులు. అయినా ఆర్మీ ఇంకో 6 లక్షల టన్నులకు పైగా అడిగింది. ఇస్తే ఇంట్లో ఉక్కు ఉత్పత్తి పడిపోతుందని ప్రభుత్వం బిగదీసింది. డిసెంబర్ మొదటి వారంలో ఆర్మీ జనరల్ స్టాఫ్ ఆపరేషన్స్ అధిపతి టనాకా షినిచి ఈ నౌకల విషయంలోనే తోటి జనరల్ సాటో కెన్‌రియోతో చేయి చేసుకునే దాకా వెళ్లాడు. మర్నాడు ప్రధాని టోజో ముఖం మీదే తిట్టి పదవి పోగొట్టుకున్నాడు. ఆ నెలాఖరుకు ద్వీపం వదిలేయాలని నిర్ణయించారు.

ఈ కొట్లాటను చాలామంది ఒక సరదా కథలా చెబుతారు. నాకు మాత్రం ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం అదే. యుద్ధం మొదలై ఏడాదికి, జపాన్ ఎంత పోరాడగలదో నిర్ణయించేది నౌకల లెక్కేనని ఆ గదిలో అందరికీ అర్థమైంది. అందరికీ అర్థమయ్యాక కూడా, మూడు లెక్కలను ఒకటి చేయమని చెప్పగల అధికారం ఎవరికీ లేదు. రాజ్యాంగం ప్రకారం ఆర్మీ, నేవీ నేరుగా చక్రవర్తికే జవాబుదారీ. ప్రధాని వాళ్లలో ఒకడు మాత్రమే.

అవతల వైపు ఏం జరిగింది

1942 జనవరిలో, అంటే అమెరికా యుద్ధంలోకి దిగిన నెలకే, వాషింగ్టన్‌లోనూ లండన్‌లోనూ ఉమ్మడి షిప్పింగ్ సర్దుబాటు బోర్డు ఏర్పడింది. రెండు దేశాల నౌకలనూ ఒకే కుప్పగా చూసి, ఏ అవసరానికి ఎన్ని అని పంచడం దాని పని. పోట్లాటలు లేవని కాదు. బ్రిటన్ దిగుమతుల కోసం ఎక్కువ అడుగుతోందని అమెరికన్ జనరళ్లు గొణిగేవారు. తమ తూర్పు తీరంలో కాన్వాయ్‌లు పెట్టడానికి అమెరికన్ నేవీ నెలల తరబడి తాత్సారం చేసింది. అప్పుడు బ్రిటన్ తనకే కొరతగా ఉన్న సబ్‌మెరైన్ వేట పడవలు 24 అరువిచ్చింది. 1943లో పసిఫిక్‌లో అమెరికాకు విమానవాహక నౌకలు తక్కువైతే బ్రిటిష్ నౌక విక్టోరియస్ వెళ్లి అమెరికన్ నౌక సరటోగాతో కలిసి పనిచేసింది. అమెరికన్ సబ్‌మెరైన్లు ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్, బ్రిస్బేన్ నుంచి నడిచేవి. ఫ్రీమాంటిల్‌లో డచ్ సబ్‌మెరైన్లు కూడా ఉండేవి.

ఇందులో మన ఢిల్లీకి కూడా పాత్ర ఉంది. జపాన్ ఆర్మీ తన రవాణా నౌకల కోసం వాడిన రహస్య సంకేత లిపిని 1943 ఏప్రిల్‌లో ఛేదించింది ఢిల్లీలోని వైర్‌లెస్ ఎక్స్‌పెరిమెంటల్ సెంటర్, బ్రిస్బేన్‌లోని సెంట్రల్ బ్యూరో. రేపు ఏ నౌక ఏ దారిన వెళ్తుందో ఢిల్లీలోనో బ్రిస్బేన్‌లోనో చదివిన విషయం, సముద్రం మధ్యలో ఉన్న అమెరికన్ కెప్టెన్‌కు చేరేది.

చైనా వాటా కూడా లెక్కలోకి రావాలి. 1941 చివర్లో జపాన్ ఆర్మీకి 51 డివిజన్లుంటే దక్షిణ దండయాత్రకు కేటాయించింది 11 మాత్రమే. మిగతావాటిలో అధిక భాగం చైనాలో, మంచూరియాలో ఇరుక్కుపోయాయి. పసిఫిక్ దీవుల్లో గెలిచింది అమెరికన్ నౌకాదళమే కావచ్చు. కానీ ఆ దీవుల్లో ఎదురుపడాల్సిన సైన్యాన్ని పట్టి ఉంచింది చైనా.

జపాన్‌కు మిత్రులు లేరా? జర్మనీ ఉంది. 1941 ఏప్రిల్‌లో జపాన్ సోవియట్ యూనియన్‌తో తటస్థ ఒప్పందం చేసుకుంటే, జూన్‌లో జర్మనీ అదే సోవియట్ మీద దాడి చేసింది. కలిసి వేసిన ప్లాన్ అంటూ ఏమీ లేదు. దాని ఫలితం ఎంత విడ్డూరమో చూడండి. అమెరికా సోవియట్‌కు పంపిన యుద్ధ సాయంలో బరువు లెక్కన దాదాపు సగం పసిఫిక్ మీదుగా, సోవియట్ జెండా ఉన్న నౌకల్లో, జపాన్ ముంగిట నుంచే వ్లాడివోస్టాక్ చేరింది. జపాన్ మిత్రుడిని చంపడానికి వెళ్లే సరుకును జపానే వెళ్లనిచ్చింది. వాణిజ్య నౌకల మీద పడండి అని జర్మన్లు పదే పదే చెప్పారు. నమూనాగా చూసి కట్టుకోండి అని యు-511 అనే సబ్‌మెరైన్‌ను కూడా 1943లో పంపారు. జపాన్ నేవీ దాన్ని పరిశీలించి, ఇది మేం పెద్ద సంఖ్యలో కట్టలేం అని వదిలేసింది.

మిత్రపక్షాల ఉమ్మడి లెక్క న్యాయమైనదని నేననను. ఆ కుప్పలో భారతదేశానికి ఓటు లేదు. 1943 జనవరిలో ఉత్తర ఆఫ్రికా యుద్ధం కోసం, బ్రిటన్ దిగుమతుల కోసం హిందూ మహాసముద్రానికి వచ్చే నౌకలను చర్చిల్ సగానికి పైగా కోసేశాడు. బర్మా బియ్యం అప్పటికే పోయింది. అదే ఏడాది బెంగాల్‌లో లక్షల మంది ఆకలితో చచ్చిపోయారు. కరువుకు వేరే కారణాలు కూడా ఉన్నాయి. కానీ ధాన్యం తేవడానికి నౌకలు లేవన్న జవాబు వచ్చింది ఈ లెక్క నుంచే. ట్రైనింగ్‌లో నేను ఈ భాగాన్ని ఎప్పుడూ వదలను. షిప్పింగ్ ప్లాన్‌లో ఒక గడిలో అంకె తగ్గించడమంటే ఎవరి కంచంలోంచో తీయడమే.

మునక

1943 సగం దాకా జపాన్‌కు ఒక అదృష్టం తోడుంది. అమెరికన్ మార్క్ 14 టార్పెడో పనిచేసేది కాదు. పెట్టిన లోతుకంటే కిందికి పోయేది, అయస్కాంత పేలుడు పరికరం సరైన సమయంలో పేలేది కాదు, సూటిగా తగిలితే పిన్ను వంగిపోయేది. 1943 జులై 24న టినోసా అనే సబ్‌మెరైన్ టోనన్ మారు అనే పెద్ద నౌక మీద 15 టార్పెడోలు వదిలింది. నౌక ఆగిపోయాక నిలకడగా గురిచూసి కొట్టినవి కూడా తగిలి పేలలేదు. కెప్టెన్ చివరి టార్పెడోను పరీక్ష కోసం దాచుకుని పెర్ల్ హార్బర్ తిరిగొచ్చాడు. అక్కడి సబ్‌మెరైన్ల అధిపతి అడ్మిరల్ లాక్‌వుడ్ హవాయిలో ఒక కొండరాతికి టార్పెడోలు పేల్చి చూసి లోపం కనిపెట్టించాడు. సెప్టెంబర్, అక్టోబర్‌ల నుంచి అవి పేలడం మొదలైంది.

జపాన్‌కు దొరికిన ఆ ఏడాదిన్నర గడువు వృథా అయింది. యుద్ధం మొదలైనప్పుడు కాన్వాయ్ రక్షణ కోసం ప్రత్యేకంగా కట్టిన షిముషు తరగతి ఎస్కార్ట్ నౌకలు నాలుగే ఉన్నాయి. నేవీ డబ్బు, బుర్ర, పేరు అన్నీ ఒకే ఒక్క పెద్ద నిర్ణయాత్మక యుద్ధం కోసం దాచిపెట్టారు. సరుకు నౌకలకు కాపలా కాయడం తక్కువ పని అనుకునేవారు. అన్ని కాన్వాయ్‌లకూ ఒకే అధిపతి, అడ్మిరల్ ఒయికావా, వచ్చింది 1943 నవంబర్‌లో. దానికి తోడు నౌకలు రోజూ మధ్యాహ్నం తామెక్కడున్నాయో రేడియోలో చెప్పేవి. ఎదుటివాడు ఆ లిపి చదువుతున్నాడన్న అనుమానం గట్టిగా రాలేదు.

1942లో సుమారు 10 లక్షల టన్నులు మునిగాయి, కొత్తగా కట్టినవి రెండున్నర లక్షల పైచిలుకు. 1943లో 18 లక్షలు మునిగితే దాదాపు 8 లక్షలు కట్టారు. 1944లో జపాన్ షిప్‌యార్డులు ప్రాణం పెట్టి పనిచేసి 17 లక్షల టన్నులు దించాయి. అది సుజుకి అడిగిన దానికి మూడు రెట్లు. ఆ ఏడాది మునిగినవి 39 లక్షలు. మొత్తం మీద 60 లక్షలతో మొదలై, కట్టినవీ పట్టుకున్నవీ 41 లక్షలు కలిపితే, యుద్ధం ముగిసేసరికి 89 లక్షల టన్నులు మునిగిపోయాయి లేదా పనికిరాకుండా పోయాయి. అందులో దాదాపు 55 శాతం సబ్‌మెరైన్ల పనే. ఆ సబ్‌మెరైన్లలో పనిచేసింది అమెరికన్ నేవీలో రెండు శాతం లోపు మనుషులు. వాళ్లలో సుమారు 3,500 మంది తిరిగి రాలేదు, 52 సబ్‌మెరైన్లు పోయాయి.

అంకెల్లో మనుషులు కనిపించరు కాబట్టి ఒక కాన్వాయ్ సంగతి చెబుతాను. 1944 ఏప్రిల్ 17న టకె కాన్వాయ్ రెండు డివిజన్ల సైనికులతో షాంఘై నుంచి న్యూగినీ వైపు బయలుదేరింది. దాని దారి ముందే చదివేశారు. 26న జాక్ అనే సబ్‌మెరైన్ ఒక నౌకను ముంచితే అందులోని రెజిమెంట్ మొత్తం పోయింది. మే 6న గర్నార్డ్ మరో మూడింటిని ముంచింది. నాలుగు వేల మందికి పైగా చనిపోయారు. మిగిలినవాళ్లను, ఫిరంగుల్లో చాలా భాగం లేకుండా, అనుకున్న చోటికి కాకుండా దారిలోనే దించాల్సి వచ్చింది. యుద్ధరంగం చేరకముందే రెండు డివిజన్లూ తమ బలంలో చాలా భాగం పోగొట్టుకున్నాయి.

చమురు సంగతి

పాలెంబాంగ్ బావులను జపాన్ ఇంజనీర్లు అనుకున్నదానికంటే తొందరగా బాగుచేశారు. 1943లో జపాన్ చేరిన చమురు సుమారు కోటీ 45 లక్షల బ్యారెళ్లు. 1944లో అది 50 లక్షలకు పడింది. 1945 వసంతం తర్వాత చుక్క రాలేదు. చమురు ఇంటికి రాకపోవడంతో నౌకాదళమే చమురు దగ్గరికి వెళ్లింది. 1944లో యుద్ధనౌకలు సింగపూర్ దగ్గరి లింగా రేవులో, విమానవాహక నౌకలు జపాన్‌లో ఉండిపోయాయి. అక్టోబర్‌లో ఫిలిప్పీన్స్‌లోని లేటే దగ్గర యుద్ధానికి అవి రెండు దిక్కుల నుంచి విడివిడిగా రావాల్సి వచ్చింది. పైలట్ల శిక్షణ గంటలు కోసేశారు. ఆ జూన్‌లో ఫిలిప్పీన్ సముద్రంలో అరకొర శిక్షణతో ఎగిరినవాళ్లు వందల్లో కూలిపోయారు.

భూమి మీద కూడా ఇదే కథ. రంగూన్‌కు సముద్ర మార్గం ప్రమాదమైందని బర్మా, థాయ్‌లాండ్ మధ్య 415 కిలోమీటర్ల రైలుమార్గం 1943 అక్టోబర్ కల్లా వేయించారు. 12,000 మందికి పైగా యుద్ధఖైదీలు, వాళ్లకు ఎన్నో రెట్లు ఆసియా కూలీలు అక్కడ ప్రాణాలు వదిలారు. వాళ్లలో మలయా రబ్బరు తోటల నుంచి తీసుకెళ్లిన తమిళులు చాలామంది. నౌకలు లేని లోటును మనుషుల ఎముకలతో పూడ్చారు.

1945 మార్చి 27 నుంచి అమెరికన్ బి-29 బాంబర్ విమానాలు జపాన్ రేవుల్లో, షిమొనొసెకి జలసంధిలో సుమారు 12,000 మైన్లు (నీటిలో ఉండి నౌక దగ్గరికొస్తే పేలే బాంబులు) వదిలాయి. దాంతో మంచూరియా, కొరియాల నుంచి వచ్చే ధాన్యం, ఉప్పు, బొగ్గు దారి కూడా మూసుకుపోయింది.

అణుబాంబుల వల్ల లొంగిపోయిందా, ఆగస్టులో సోవియట్ దాడి వల్ల లొంగిపోయిందా అన్న చర్చ ఇప్పటికీ నడుస్తోంది. లొంగిపోయిన రోజు ఏదో తేల్చడానికి ఆ చర్చ అవసరమే. ఓటమి మాత్రం అప్పటికే అయిపోయిందని నా అభిప్రాయం. దిగుమతి సరుకు మీద బతికే దేశానికి దిగుమతులు ఆగిపోయాక మిగిలేది ఎప్పుడు, ఎంత ప్రాణనష్టంతో అన్న ప్రశ్నే. మొదటి నుంచీ కాన్వాయ్‌లు పెట్టి, ఎ, బి, సి నౌకలను కలిపేసి ఉంటే జపాన్ గెలిచేదా అని పిల్లలు అడుగుతారు. గెలిచేది కాదు. లిబర్టీ నౌకలనే ఒకే నమూనా సరుకు నౌకలే 2,700 పైగా కట్టిన దేశంతో పోటీ అది. కానీ ఇంకో ఏడాది, ఏడాదిన్నర లాగేది. అది జపాన్ ప్రజలకు, ఆసియాకు ఇంకా ఘోరంగా ఉండేదని కూడా చెబుతాను.

ఎ, బి, సి తేడాలు చెరిపి నౌకలన్నింటినీ ఒకే సంస్థ కిందికి తెచ్చింది 1945 మే నెలలో. అప్పటికి నడపడానికి మిగిలినవి జపాన్ దీవుల మధ్య ఉన్న లోపలి సముద్రంలో తిరిగే చిన్న నౌకలు, కొరియా దారిలో మైన్లకు భయపడుతూ పోయే కొన్ని పాతవి. ఆగస్టులో యుద్ధం ఆగాక విదేశాల్లో 60 లక్షలకు పైగా జపనీయులు చిక్కుకుపోయి ఉన్నారు. వాళ్లను ఇంటికి తేవడానికి సొంత నౌకలు చాలక, అమెరికా తన లిబర్టీ షిప్పులనూ సైన్యాన్ని ఒడ్డున దించే ఎల్‌ఎస్‌టీలనూ అరువిచ్చింది. జపనీస్ సిబ్బందే వాటిని నడిపారు.